పొడుగు బండి

వసారాలోంచి సర్రుమని టీ జుర్రిన చప్పుడు వినపడగానే ప్రసన్నకుమారి మొహం చిట్లించింది. తెల్లారిందంటే చాలు, ఇదే వరస. టీ తాగడానికి అంత చప్పుడెందుకో ఆవిడకి ఎన్నటికీ అర్థం కాదు. దానికి తోడు ఫోనులో ఎవడో పెద్ద కారు వెనక ఓ డబ్బా ఇంటిని తగిలించుకుని కొండెక్కుతున్నాడు. ఆ ఇంజను రొద వీధి చివరిదాకా వినపడుతోంది.

"ప్రసన్నా, ఇది చూసేవా? వెనక అంత బరువున్నా మలుపులో ఎలా లాగుతోందో!" అన్నాడు ఎబినేజర్, మోకాళ్ల పైకి లుంగీ ఎగ్గట్టుకుని.

"నాకెందుకండీ ఆ గోల! ముందు తగ్గించండి. గ్లాసు తెచ్చి ఇచ్చేస్తే కడిగేసుకుంటాను."

"ఆయ్," అని ఫోను తగ్గించి, గ్లాసు తనే తీసుకెళ్లి తొట్టి పక్కన విడిగా పెట్టాడు. ఆయన గ్లాసు వేరు. మిగతావాటిలో కలిసిపోకుండా అడుగున గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టి ఉంటుంది. ఆయన బకెట్టు వేరు, తువ్వాలు వేరు, కంచం వేరు.

పుట్టినప్పటినుంచీ ప్రసన్నకుమారికి అన్నీ రోతే. పెళ్లిళ్లలో మంచినీళ్లు ముట్టదు. హోటలుకెళ్తే చెంచా ఇంటినుంచే పట్టుకెళ్తుంది. రాజోలు దగ్గర బడిలో టీచరుగా చేసినన్నాళ్లూ స్టాఫ్ రూములో తన కుర్చీ తనే తుడుచుకుంది. ఒకసారి బడి పిల్లల్ని తీసుకుని అరకు వెళ్లి, అక్కడి బాత్రూములు చూసి భయపడి రోజంతా చుక్క నీళ్లు తాగలేదు. మధ్యాహ్నానికే కళ్లు తిరిగి బస్సులో పడిపోయింది. పిల్లలంతా కొండలు చూసి వచ్చారు. ఆవిడ మాత్రం సీటు మీద పడుకుని బస్సు కప్పు చూసి వచ్చింది.

ఎబినేజర్ సగం జీవితం కువైట్లో గడిపాడు. ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. రెండేళ్లకోసారి సెలవు మీద చుట్టంలా వచ్చి వెళ్లేవాడు. ఇప్పుడు ఆవిడ రిటైరైంది, ఆయన శాశ్వతంగా వచ్చేశాడు. వచ్చాకే తెలిసింది ఆవిడకి, మొగుడంటే ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో ఉండే మనిషని. గురక. వంటికి వదలని డీజిల్ వాసన. ముక్కు చీది అదే చేత్తో తలుపు పట్టుకోవడం. వచ్చిన కొత్తలోనే ఆయన మడతమంచం వసారాలోకి మారింది. ఎలా మారిందో ఆవిడకి సరిగ్గా గుర్తు లేదు. మారాక మాత్రం హాయిగా నిద్ర పట్టింది.

అలాంటి మనిషికి ఈ కొత్త పిచ్చి పట్టింది. కోయంబత్తూరు వైపు ఎవరిచేతో అలా కారు వెనక తగిలించే ఇల్లుబండి కట్టిస్తున్నాడట. దాన్ని లాగడానికి పెద్ద బండి కొంటాడట. లంబసింగి, అరకు, మారేడుమిల్లి తిరుగుతారట. కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టే. ఆ గట్టు మీద తప్ప ఎక్కడా బండి ఎక్కించి ఎరగని ఊళ్లో ఈయన కొండలు లాగే బండ్లు బేరమాడుతుంటే జనం నవ్వరా?

"ఇవాళ రాజమండ్రి వెళ్లి బండి చూద్దాం. నువ్వూ రావాలి," అన్నాడు ఎబినేజర్.

వెళ్లకుండా ఉంటే బాగుండేదని షోరూములో అడుగుపెట్టాక గాని ఆవిడకి తెలియలేదు.

సేల్స్ కుర్రాడు శివప్రసాద్ మర్యాదస్తుడు. రెండు బండ్లు చూపించాడు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది.

"రెండిటికీ ఇంజను ఒకటేనండి. లాగే బలం ఒకటేనండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో పొట్టి బండే తేలిగ్గా తిరుగుతుందండి. పొడుగు దాంట్లో వెనక సీట్లు మడిస్తే చోటు ఎక్కువొస్తుంది, అంతేనండి తేడా. మీ ఇద్దరికీ పొట్టిది చాలండి."

ఎబినేజర్ వినలేదు. పొడుగు బండి వెనక తలుపు తీయించాడు. సీట్లు మడిపించాడు. చెప్పులు విప్పి లోపలికెక్కి వెల్లకిలా పడుకున్నాడు! కాళ్లు చాపాడు. ఇటోసారి అటోసారి ఒత్తిగిల్లాడు. పగిలిన మడమలు రెండూ షోరూము లైట్ల కింద బయటికి కనపడుతుంటే, అక్కడున్న కొనుగోలుదార్లంతా వాటినే చూస్తున్నట్టు అనిపించి ప్రసన్నకుమారి సిగ్గుతో చచ్చిపోయింది. ఎంత అసహ్యం! బొత్తిగా మనుషుల్లో తిరగనట్టు ఆ పడుకోవడం ఏమిటి?

"సరిపోతుందండి. ఇదే రాసుకోండి. ఖాయం చేసేది సోమవారం చెప్తాను," అన్నాడు ఆయన దిగి, చొక్కా దులుపుకుంటూ.

రావులపాలెం దాటేదాకా ఆవిడ నోరు విప్పలేదు. విప్పాక ఇంటిదాకా మూయలేదు. ఆయన మాత్రం బస్సు కిటికీలోంచి అరటితోటలు చూస్తూ కూర్చున్నాడు.

శనివారం నాడు లారీ మీద ఇల్లుబండి దిగింది. అమలాపురం నుంచి కూతురు షైనీ కూడా వచ్చింది. కాలువ వంతెన మీద అది పట్టదేమోనని వీధి వీధంతా పోగైంది. దిగాక ఎబినేజర్ రెండు సంచులు మోసుకెళ్లి అందులో ఏవో సర్దాడు. తెల్లగా, నున్నగా, చక్రాల మీద నిలబడ్డ ఆ గదిని ఎదురింటి వీరాయమ్మ చుట్టూ తిరిగి చూసి, పరుగున వచ్చింది.

"టీచరమ్మగారండీ! వంటా అందులోనేనటండి, దొడ్డీ అందులోనేనటండి!"

ప్రసన్నకుమారి రెండడుగులు వెనక్కి వేసింది. "పొయ్యి పక్కన దొడ్డా! ఛీ ఛీ! ఏవండీ, మీకు బుద్ధుందా? ఆ కంపులో కూర్చుని అన్నం తింటారా ఎవరైనా? నేను చచ్చినా అందులో కాలు పెట్టను. మీరొక్కరే ఊరేగండి!"

"నెమ్మదిగా అమ్మా, అంతా వింటున్నారు," అంది షైనీ. తర్వాత తండ్రి వైపు తిరిగింది. "డాడీ, అమ్మ సంగతి అలా ఉంచు. నాకొకటి చెప్పు. పొట్టి బండి లాగుతుందని షోరూమువాళ్లే చెప్తుంటే పొడుగుదెందుకు? మా ఆయన కూడా అదే అడిగేరు."

"పొడుగుదే కావాలమ్మా."

"ఎందుకని అడుగుతున్నాను కదా!"

ఎబినేజర్ వంగి ఇల్లుబండి టైరు నొక్కి చూశాడు. అది చూసి ప్రసన్నకుమారికి ఇంకా మండింది.

"ఎందుకేమిటే? డాబు! ఇన్నాళ్లూ ఒకళ్ల బండి తోలేరు కదా, ఇప్పుడు నలుగురూ చూడాలి. ఎక్కడికి పోతుంది డ్రైవరు బుద్ధి!"

అనేశాక గాని ఎంత మాటన్నదో ఆవిడకి తెలియలేదు. వీరాయమ్మ కొంగు సర్దుకుంటూ గేటు దాటి వెళ్లిపోయింది. లారీవాడు టైరుకి కట్టిన తాడు విప్పుతూ తలొంచుకున్నాడు.

"ఆయ్, డ్రైవర్నే కదా," అన్నాడు ఎబినేజర్ మెల్లిగా. "ఒక్కసారి లోపలికెళ్లి చూడు ప్రసన్నా. నీకు రోత పుడితే ఇదే లారీ మీద వెనక్కి పంపేస్తాను. ఇంకెప్పుడూ కొండల మాట ఎత్తను. ఒట్టు."

ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్టెక్కింది. వద్దని చెప్పడానికే ఎక్కింది.

లోపల కంపేమీ లేదు. మరుగుదొడ్డికి లోపలివైపు తలుపే లేదు. బయటినుంచి ఎక్కి బయటికే దిగాలి. పొయ్యి వైపున్నది ఒట్టి గోడ. గట్టు మీద ఆవిడ వాడే సబ్బు, ఆవిడ వాడే టీపొడి, ఒక కొత్త కంచం, ఒక కొత్త గ్లాసు. ఇస్త్రీ మడత నలగని తెల్లదుప్పటి. తలవైపు గోడంతా కిటికీయే.

"పడుకునే కొండ చూడొచ్చు," అన్నాడు గుమ్మం బయటినుంచి. లోపలికి రాలేదు. "నువ్వు ఫోనులో చెప్పేవు కదా, అరకు వెళ్లి కొండ చూడకుండా వచ్చేసేనని. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. మా అరబ్బుకీ ఇలాంటిదే ఉండేది. చలికాలం ఎడారిలోకి లాక్కెళ్లేవాణ్ణి. లాగుతున్నంతసేపూ అనుకునేవాణ్ణి, మా ప్రసన్నకి ఇలాంటిదుంటే ఒకళ్ల బాత్రూముకి వెళ్లక్కర్లేదు గదా అని."

ఆవిడ దుప్పటి మీద చెయ్యి వేసింది. మంచం చాలా సన్నంగా ఉంది. ఒక్క మనిషికి సరిపోయేంత.

"మరి మీరెక్కడ పడుకుంటారు?"

"నాకేం, బండిలో. అందుకే కదా పొడుగుదడిగేను. కాళ్లు చాపుకోవచ్చు, నా గురక నీ దాకా రాదు." నవ్వాడు. "అక్కడా అంతే ప్రసన్నా. వాళ్లు లోపల, నేను కార్లో. అలవాటే."

ప్రసన్నకుమారి దుప్పటి మీంచి చెయ్యి తీసేసింది. దిగి వచ్చి, గోడకి బయటివైపున్న చిన్న అర ఎందుకో తెరిచింది. అందులో ఒక చాప, ఒక టార్చి, ఒక తువ్వాలు. వాటి పక్కన కొత్త స్టీలు గ్లాసు. తిప్పి చూసింది. అడుగున ఎర్ర చుక్క. ఆవిడ పెట్టింది కాదు. తనే కొనుక్కుని, తనే పెట్టుకున్నాడు.

"డాడీ... మొన్న నా నెయిల్ పాలిష్ అడిగింది ఇందుకా?" అంది షైనీ.

"మీ అమ్మకి వెతుక్కునే పని లేకుండా అమ్మా. అక్కడ కూడా డ్రైవరు గ్లాసు వేరే పెట్టేవారు. నాకు తప్పనిపించదు."

తెరిచి ఉన్న వీధి తలుపులోంచి, హాల్లో గోడ మీదున్న ప్రసన్నకుమారి తాతగారు అబ్రహాము ఫోటో కనపడింది. ఆసాముల వాకిట్లో గ్లాసివ్వకపోతే దోసిలి పట్టి నీళ్లు తాగిన మనిషి. ఆ కథ చెప్పని సంవత్సరం లేదు ఆవిడ బళ్లో. చెప్పిన ప్రతిసారీ పిల్లల ముందు దోసిలి పట్టి చూపించేది. ఆయన మనవరాలే కదా ఈ ఇంట్లో ఈ చుక్క పెట్టింది! ఒక రాత్రి "ఛీ, అవతలకి పోండి, కంపు" అని కసిరింది కూడా తనేనని, మడతమంచం మర్నాడే వసారాలోకి వెళ్లిందని, అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ దేన్ని చూసి రోత పడింది తను? తనకి మించిన రోత ఇంట్లో ఇంకేముంది?

ఏడుపు ఆగలేదు. వీధంతా చూస్తోందని తెలుసు. చూడనీ. గ్లాసు పట్టుకుని అక్కడే ఇల్లుబండి మెట్టు మీద కూలబడి, ఆ ఎర్ర చుక్కని గోటితో గీకడం మొదలుపెట్టింది.

"గోరు విరుగుతుంది ప్రసన్నా. నచ్చకపోతే పంపేద్దాంలే, ఏడవకు," అన్నాడు ఎబినేజర్ కంగారుగా.

"మీరు నోరు మూసుకోండి. ఆ కుర్రాడికి ఫోను కలపండి."

కలిపి ఇచ్చాడు. ఆవిడ ముక్కు కొంగుతో తుడుచుకుని, అదే చేత్తో ఫోను అందుకుంది.

"శివప్రసాద్ గారండీ, నేను ఎబినేజర్ గారి భార్యనండి. పొట్టి బండే రాసుకోండి."

"అలాగేనండి మేడమ్. కానీ సారు పొడుగు దాంట్లో పడుకుని మరీ చూసుకున్నారు కదండీ? పొట్టి దాంట్లో సారుకి కాళ్లు పట్టవండి."

"పట్టక్కర్లేదండి," అంది ప్రసన్నకుమారి, భర్త మొహంలోకి చూస్తూ. "ఆయన బండిలో పడుకోరు. మంచం వెడల్పు చేయిస్తున్నాం."