లంగరు తాడు రెండో కొస

“తాడెలాగ తెగిందో ఒక్కడూ సరిగ్గా సూళ్లేదు. మా అయ్య మీద మాత్రం కత్తి అంటగట్టీసినారు! సిగ్గుండాల మీకు!”

భావనపాడు రేవులో పెద్దమనుషుల మొహానే ఆ మాట అనేసి, తెగిన లంగరు తాడు ముక్కని సంచిలో వేసుకుని చందన టెక్కలి బస్సెక్కింది. తిన్నగా డిటెక్టివ్ మాధవీలత గదికి వచ్చి, ఆ ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

హేమంత్ మంచినీళ్లిచ్చాడు. అతను మాధవీలత దగ్గర సహాయకుడు. ఆమె ఇరవై ఆరేళ్లు పాలిమర్ శాస్త్రవేత్తగా తెగిన బెల్టులూ పగిలిన పైపులూ పరీక్షించి, అవి ఎందుకు పాడయ్యాయో తేల్చింది. ఓ యజమాని పుచ్చు పైపుకి మంచిదని సంతకం పెట్టమంటే, ఆ కాగితం అతని బల్ల మీదే చింపి పడేసి వచ్చేసింది. ఈ సంగతి ఎవరికి చెప్పినా హేమంత్‌కి ఛాతీ పొంగుతుంది.

“వరసగా చెప్పమ్మా,” అంది మాధవీలత.

“మొన్న రాత్రి గాలికి సూర్యం మావ బోటు లంగరు తాడు తెగిపోయి, బోటు రాళ్లకి కొట్టీసుకుందండి. లంగరేసే సోటు కాడ ముందురోజే మావకీ మా అయ్య సన్యాసయ్యకీ మాటా మాటా వచ్చింది. అందుకని మా అయ్యే కోసీసినాడంట. రేపు ఒప్పుకోపోతే ఏ బోటూ ఎక్కనివ్వరంట. సంద్రం తప్ప ఇంకో పని తెలీదండి ఆయనకి.”

“కత్తి మాట ముందెవరన్నారు?”

“తాళ్ల కొట్టు భాస్కరరావు. పలాస నుంచి వలలు దించడానికొచ్చి, పగిలిన బోటు దగ్గరికి అందరికన్నా ముందు ఆయనే ఎల్లినాడు. ఆ తాడూ ఆయన కొట్లోదే. నైలాన్ అని ఇచ్చినాడు. ఆర్నెల్లవలేదు.”

తాడు కొస నున్నగా తెగి ఉంది. మీద నల్లటి జిగురు. హేమంత్ చెయ్యి చాపాడు.

“ముట్టకు బాబూ!” చందన అరిచింది. “పచ్చి జీడి నూనె. బొబ్బలెక్కీగలవు. పూర్వం నూలు తాళ్లకి తాత రాసీవోడని మావ నైలాన్‌కీ రాత్తాడు. గాలొచ్చిన సాయంత్రమే రాసినాడు. మేం కొబ్బరినూనె పూసుకునే ముట్టుకుంతాం.”

మాధవీలత జిగురు లేని చోట చిన్న ముక్క కత్తిరించి నీళ్ల బకెట్లో వేసింది. అది తేలింది. ఆమె నవ్వింది.

“లంగరు ఇంకా నీళ్లలోనే ఉందా?”

“ఉందండి.”

“పైకి తీయించు. దానికి రెండో కొస ఉంటుంది.”

మర్నాడు పొద్దున్న చేపల వేలం పాట షెడ్డులో అందరూ చేరారు. భాస్కరరావు కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది.

“చేతికేమైంది?” అడిగింది మాధవీలత.

“టీ ఒలికిందండి.”

మాధవీలత లంగరుకి మిగిలిన తాడు కొస ఎత్తి చూపించింది. “కత్తితో కోస్తే రెండు కొసలూ నున్నగా ఉండాలి. బోటు వైపు కొస నున్నగానే ఉంది. మరి ఇదో?” పీచులు లేచిన ఆ కొసని కొబ్బరినూనె పూసుకున్న వేళ్లతో నలిపింది. తెల్లటి పొడి రాలింది. “ఇది ఎండకి పుచ్చి తెగింది. నైలాన్ నీళ్లలో మునుగుతుంది. చూడండి.” ఆమె తెచ్చిన అసలు నైలాన్ ముక్క బకెట్లో మునిగింది. సూర్యం తాడు ముక్క పైన తేలింది. “పాత ప్లాస్టిక్ కరిగించి పేనిన తాడు ఇది. తెల్లారి బోటు చూడగానే, తన మోసం బయటపడుతుందని ఈయన భయపడ్డాడు. పుచ్చిన కొస కోసి పారేసి, కత్తి అని అందరికన్నా ముందు అరిచాడు.”

“నేనే కోసినానని రుజువేటి?”

“గుడ్డ విప్పండి.”

పెద్దమనుషులే విప్పించారు. అరచేతికి అడ్డంగా, సరిగ్గా తాడంత వెడల్పున, బొబ్బల వరస.

“ఇవి తాడుకి రాసిన జీడి నూనె లేపిన బొబ్బలు. టీ అలా గీత గీసినట్టు ఒలకదండీ,” అంది మాధవీలత. షెడ్డంతా గొల్లున నవ్వింది. భాస్కరరావు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

సూర్యం సన్యాసయ్య చెయ్యి పట్టుకున్నాడు. “బావా, నా సోట్లో నీ లంగరేసుకో.”

“ముందు బోటు కట్టించుకోరా! సోటు తరవాత ఇద్దువు గానీ,” అన్నాడు సన్యాసయ్య. కళ్లు మాత్రం తడిగానే ఉన్నాయి.

హేమంత్ నవ్వుతూ తాడు ముక్కలు సంచిలో సర్దబోయాడు. చందన ఆపింది. చేపల పెట్టె ఎక్కి నిలబడింది.

“ఇంకా అవలేదు! ఇవేళే ప్రతి బోటు తాడూ ఇప్పండి. ముక్క కోసి ఈ బకెట్లో ఎయ్యండి. నైలాన్ అని అమ్మి, తేలిన తాడల్లా ఈయన మార్చాల. మావకి బోటు కట్టించాల. ఇకమీదట ఏ కొట్లోనైనా ముందు బకెట్టు, తరవాతే తాడు! ఇంకోటి. మా అయ్యని అన్న నోళ్లే తప్పయిందని ఇక్కడే అనాల. ఊఁ, ఎవరు ముందంతారు?”