పాముచెవులాయన పరీక్ష

ఆదివారం కళ్ళజోళ్ళ షాపుకి సెలవు. ఉదయం కాఫీ తాగగానే ఆయన ముందుగదిలో స్పీకర్లకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ రోజూ కూర్చున్నాడు గాని, పాట మీద మనసు నిలవలేదు. స్పీకర్ల వెనక కొత్తగా తగిలించిన నల్లటి కేబుళ్ళ మీదికే చూపు పోతోంది.

వాటిని చేసింది ఆయన బావమరిది. ఆఫీసు ఉద్యోగం మానేసి, వంటగది బల్ల మీదే తీగలు కోసి, అతికించి, పైన అల్లిక తొడిగి, ఆరు నెలలుగా అదే లోకంగా ఉన్నాడు. పట్టుమని పది జతలు అమ్ముడుపోలేదు. బావ నాలుగు మంచి ముక్కలు రాస్తే చాలని వాడి ఆశ. ఎందుకంటే రోజంతా జనం కళ్ళు పరీక్షించే ఈ మనిషి, పదకొండేళ్ళుగా ఇంటర్నెట్‌లో స్పీకర్ల గురించీ యాంప్లిఫయర్ల గురించీ సరదాకి రాస్తున్నాడు. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోడు. బాగాలేనిదాన్ని బాగుందనడు. చదివేవాళ్ళు ఆయనకి పెట్టుకున్న ముద్దుపేరు పాముచెవులు.

భార్య తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మధ్యాహ్నం భోజనానికి తమ్ముడొస్తున్నాడు. రాశారా?"

"ఇంకా వింటున్నా."

"బుధవారం నుంచీ వింటూనే ఉన్నారు. నన్ను చేసుకునే ముందు కూడా ఇంత ఆలోచించలేదు మీరు."

ఆయన నవ్వలేదు. పాట ఆపాడు.

"నాకేమీ తేడా వినపడలేదు. పాత కేబుల్ ఎలా ఉందో ఇదీ అలాగే ఉంది."

ఆవిడ మొహం చిన్నబోయింది. "అదే రాస్తారా?"

"లేనిది ఉందని ఎలా రాయను?"

"ఆరేళ్ళ కిందట వెండితీగ కొనుక్కొచ్చి ఏం రాశారో మర్చిపోయారా? పాటకీ నాకూ మధ్య తెర తొలగిపోయింది అని రాశారు. నాకు చదివి వినిపించి మరీ మురిసిపోయారు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు చేసిన తీగకి తెర తొలగుతుంది, నా తమ్ముడు చేస్తే తొలగదా?"

ఆయన లేచి బీరువాలోంచి ఆ వెండితీగ బయటికి తీశాడు. అప్పుడు నిజంగా విన్నాననే నమ్మాడు. ఇప్పుడు ఆ నమ్మకం కాళ్ళ కింద కదులుతోంది.

షాపులో రోజూ చేసే పని గుర్తొచ్చింది. కంటి ముందు అద్దాలు మార్చి, మొదటిది బాగుందా రెండోదా అని అడుగుతాడు. ఏది కొత్తదో ముందే చెబితే అందరూ దాన్నే బాగుందంటారు. అందుకని చెప్పడు. రెండూ ఒకేలా ఉన్నాయండీ అని ఎవరైనా తప్పు చేసినట్టు గొణిగితే, అదీ జవాబేనండీ అని ధైర్యం చెబుతాడు. ఊళ్ళోవాళ్ళందరికీ పెట్టే పరీక్ష తనకి తాను ఒక్కసారీ పెట్టుకోలేదు.

"ఒక సాయం చేస్తావా?" అన్నాడు. "నేను కళ్ళకి తువ్వాలు కట్టుకుంటా. పాతది, వెండిది, మీ తమ్ముడిది, నీకు ఇష్టమొచ్చినట్టు మార్చి పెట్టు. ఏది పెట్టావో కాగితం మీద రాసుకో. నోరు మాత్రం విప్పకు."

"అది నాకు కష్టమే," అంది ఆవిడ. కోపం పూర్తిగా పోలేదు గాని, చేతులు అప్పుడే పనిలో పడ్డాయి.

పన్నెండుసార్లు మార్చింది. కొన్నిసార్లు మార్చినట్టే చప్పుడు చేసి, ఉన్నదాన్నే మళ్ళీ పెట్టింది. ఆయన చెమటలు తుడుచుకుంటూ జవాబులు చెప్పాడు. పన్నెండోసారికి తలుపు కిర్రుమంది. గుమ్మంలో తమ్ముడు. ఆవిడ పెదవుల మీద వేలు పెట్టింది.

"అయిపోయింది," అంది కాగితం చూస్తూ. "పన్నెండింట్లో నాలుగు సరిపోయాయి."

"కళ్ళు మూసుకుని చీటీలు తీసినా అన్నే వస్తాయి. వెండిదో?"

"దాన్ని ఒక్కసారి కూడా పట్టుకోలేదు. పాతది పెట్టి ఉండగా రెండుసార్లు ఇదే వెండిది అన్నారు."

ఆవిడ ఎగతాళి చేయబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. తువ్వాలు తీసేసరికి ఎదురుగా బావమరిది నిలబడి ఉన్నాడు.

"బావా, అంటే మీక్కూడా వినపడలేదా?"

"కూడా ఏమిట్రా?" అంది అక్క.

వాడు గోడకి చేరగిలబడి కిందికి జారి కూర్చున్నాడు. "హమ్మయ్య" అన్నాడు, ఏడుపో నవ్వో తెలియకుండా.

"మరి నీ కేబుల్ పెట్టె మీద పాట తేనెలా జారుతుందని రాసి ఉందే?"

"పెట్టె అచ్చేసినాయన రాశాడక్కా. అందరూ అలాగే రాస్తారన్నాడు. ఎంత విన్నా నాకు తేనె లేదు, పాకం లేదు. నా చెవులే మొద్దనుకున్నా. బావకి వినపడితే నేను అబద్ధమాడినట్టు కాదుగా అని పంపించా. పంపిన దగ్గర్నుంచీ ముద్ద దిగడం లేదు."

"ఇలా రా," అన్నాడు బావ. వాడి కేబుల్ తగిలించి గట్టిగా లాగాడు. "ఇల్లు తుడిచేటప్పుడు తగిలితే చాలు, పాతది గరగరమంటుంది. వెండిది రెండుసార్లు ఊడొస్తే తీసి పక్కన పెట్టా. నీదాన్ని బుధవారం నుంచీ పీకుతున్నా, తొక్కుతున్నా. ఉలుకూ పలుకూ లేదు. ఇది రాస్తా. తేనె మాత్రం రాయను."

"అదైతే నేను నిజంగా చేసిందే, బావా," అన్నాడు వాడు, తనకే కొత్తగా తెలిసినట్టు.

భోజనాలయ్యాక రాయడానికి కూర్చున్నాడు. ముందు వెండితీగ సంగతి రాశాడు: 'ఆరేళ్ళ కిందట నేను రాసింది తప్పు. అప్పుడు విన్నది చెవి కాదు, కొత్తది కొన్న సంబరం.' తరవాత పన్నెండింట్లో నాలుగు. ఆ తరవాత, పెట్టె మీద రాసిన తేనె లేదనీ, కేబుల్ మాత్రం లాగినా ఊడదనీ. భార్య వెనక నిలబడి చదివింది. చివరి వాక్యం పైకి చదివింది.

"'ఈ కేబుల్ చేసింది నా బావమరిది.' ఇది సగమే నిజం."

"ఏం?"

"పదేళ్ళ పిల్లాడిగా మనింటికొచ్చాడు. లెక్కలు నేర్పిందెవరు? జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగిందెవరు? దాచకూడదనుకున్నప్పుడు పూర్తిగా చెప్పండి."

ఆయన ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాశాడు: 'ఈ కేబుల్ చేసినవాణ్ణి పెంచింది నేనూ నా భార్యానూ. అందుకని నా మాటని ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.'

తీగలు చుడుతున్న బావమరిది తలెత్తలేదు. ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుని రెండో కొస పట్టుకుంది.

సాయంత్రానికి జవాబులొచ్చాయి. మీ చెవులు తుప్పు పట్టాయి అని ఒకాయన. వెండితీగ మీ మాట మీదే కొన్నాను అని ఇంకొకరు. దానికి ఆయన క్షమించమని రాశాడు. మూడోది బావమరిదే పైకి చదివాడు.

"'పెంచినవాడే తేనె లేదన్నాడంటే, తక్కినదంతా నమ్మొచ్చు. రెండు జతలు పంపండి.'"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. బుధవారం తరవాత మొదటిసారి, ఏ తీగ మీద వస్తోందో పట్టించుకోకుండా, పాట చివరిదాకా విన్నాడు.