ఫిరంగి తాత కోటు

"మా అబ్బాయిని మీరే కాపాడాలండీ!"

ఆ మాటతో లోపలికి వచ్చిన ఆవిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. రాజమండ్రిలో డిటెక్టివ్ ఉషారాణి గారి ఆఫీసుకి వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలే. కుర్రాడు తాగుతాడా, ఆ ఉద్యోగం ఉన్నదేనా, పొలం ఎవరి పేరున ఉంది, ఇవే గొడవలు. అసిస్టెంట్ ఉదయభాస్కర్‌కి వాటితో ప్రాణం విసిగిపోయింది. అందుకే ఆవిడ కళ్ళలో బెదురు చూడగానే, పాపం అనిపించినా సరే, లోలోపల ఎగిరి గంతేశాడు.

"ముందు మంచినీళ్ళు తాగండి. తర్వాత మొదటినుంచీ చెప్పండి," అంది ఉషారాణి.

"నా పేరు బేబీ అండి. మాది మొగల్తూరు అవతల, సముద్రం ఒడ్డు. లేసు అల్లుతాను. ఎల్లుండి మా పల్లె పల్లెంతా బస్సు కట్టించుకుని దొరలదిబ్బ కోటకి వెళ్తున్నామండి. చేపల వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ కోటలో మిలిటరీ మ్యూజియం ఉందండి. మా పల్లెలో బుల్లియ్య తాత పేల్చిన ఫిరంగి అక్కడే ఉంది!"

"ఆయన మిలిటరీలో చేశారా?"

"ఆయ్! యుద్ధంలో ఆ కోటమీదనుంచి ఫిరంగి పేల్చి శత్రువుల ఓడని తరిమేశారండి. మా ఒడ్డున ఫిరంగి తాతంటే తెలియనోళ్ళు లేరు. మా అబ్బాయి సురేష్‌బాబు ఆయన కబుర్లు వింటూనే పెరిగాడు. ఇప్పుడు ఆర్మీ సెలక్షన్లో నెగ్గాడండి. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది."

అక్కడికి వచ్చేసరికి ఆవిడ ఏడుపు అందుకుంది. మిగతాది ఉషారాణి అడిగి అడిగి రాబట్టింది. పెదబాబు అనే పడవల యజమాని ఈ ప్రయాణానికి పెద్ద. ఆయన మ్యూజియం వాళ్ళకి ఫోన్ చేస్తే, తాతగారిని మిలిటరీ కోటుతో తీసుకురమ్మన్నారు. ఫిరంగి పేల్చిన వాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉందట, దాని పక్కన నిలబెట్టి ఫొటో తీస్తామన్నారట. ఆ కబురు వినగానే పల్లెలో పండగయింది. ఆ సాయంత్రం సురేష్‌బాబు తాత ఇంటికి వెళ్ళి, కోటు ఒకసారి వేసుకుని సెల్ఫీ దిగి వచ్చాడు. తెల్లారి చూస్తే పెట్టె తాళం విరిగి ఉంది. పతకాలతో సహా కోటు మాయం.

"రేపు సాయంత్రానికి కోటు రాకపోతే మావాడిమీద కంప్లైంట్ ఇస్తామని పెదబాబుగారు అంటున్నారండి. కేసు పడిందంటే వాడి ఉద్యోగం గల్లంతే!"

"తాతగారేమంటున్నారు?"

"కేసూ గీసూ వద్దు, ప్రయాణం మానేద్దాం అంటున్నారండి. పెదబాబుగారే వినట్లేదు."

ఉషారాణి లేచి కళ్ళజోడు సర్దుకుంది. "భాస్కర్, కారు తియ్యి."

మర్నాడు మధ్యాహ్నానికి వాళ్ళు పల్లె చేరారు. దొంగతనం జరిగిన ఊరిలా లేదది, పెళ్ళివారి విడిదిలా ఉంది. కిటికీ సీట్లకోసం పిల్లలు అప్పుడే కొట్టుకుంటున్నారు. ఒకమ్మాయి కొత్త చెప్పులు వేసుకుని ఇసకలో నడిచి చూసుకుంటోంది. ప్రయాణం ఆగుతుందేమోనన్న దిగులు ఒక పక్క, వెళ్ళి తీరాలన్న సంబరం ఇంకో పక్క. ఉదయభాస్కర్‌కి కూడా ఆ కోట చూడాలని ప్రాణం లాగేసింది. జీవితంలో ఇంతవరకూ నిజం ఫిరంగి చూడలేదు మరి!

బుల్లియ్య తాత ఇల్లు రెండే గదులు. బయట అరుగుమీద బేబీ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు బస్సులోకి పులిహోర లెక్క తేలక వాదులాడుకుంటున్నారు. తాత గుమ్మం పక్క మంచంమీద ముడుచుకుని కూర్చున్నాడు. డెబ్బై దాటినా నడుం వంగలేదు. ఆయన భార్య మరిడమ్మ వచ్చినవాళ్ళని లోపలికి తీసుకెళ్ళి ఇనప్పెట్టె తెరిచి చూపించింది.

"ఇందులోనే అండి, నా పట్టుచీరల కింద ఉండేది కోటు. దొంగముండావాడు ఎవడోగానీ నా చీరలు ముట్టుకోలేదు, అదృష్టం."

ఉదయభాస్కర్ తొంగి చూశాడు. చీరలు నాలుగు పలకలుగా, అంచుకి అంచు కలిసి, ఇటుకలు పేర్చినట్టు ఉన్నాయి. గదిలో దండెంమీద మరిడమ్మ ఉతికి వేసిన చీరలేమో పొడుగు మడతల్లో, ఒకటి ఇటూ ఒకటి అటూ వేలాడుతున్నాయి. తాత మంచంమీద దుప్పటి, తువ్వాలు మాత్రం మళ్ళీ ఇటుకలే.

"మీవారు ఇంటిపనిలో సాయం చేస్తారా మరిడమ్మగారూ?" అని అడిగింది ఉషారాణి.

"ఈయనా? పెళ్ళయి ఇన్నేళ్ళలో పొయ్యి దగ్గరికి వస్తే ఒట్టు! మిలిటరీవాడు గరిటె పట్టుకోడంట. కానీ ఈ రెండ్రోజులూ ఏం పుట్టిందో, నన్ను డ్రమ్ము దగ్గరికి రానివ్వకుండా బియ్యం తనే తీసిస్తున్నాడండి. నీ నడుం నొప్పి, వంగొద్దు అంటాడు. ముసలితనంలో ప్రేమ పొంగుకొచ్చింది," అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇంతలో అరుగుమీద గొడవ ముదిరింది. అరవైమందికి పది కేజీల బియ్యం పొయ్యాలని ఒకావిడ, చాలదని ఇంకొకావిడ. మంచంమీద తాత అప్రయత్నంగా అందుకున్నాడు.

"పది పోస్తే సగం పారబోస్తారు. ఏడు చాలు. అన్నం బాగా ఆరబోశాక పులుసు కలపండి, వేడిమీద మూత పెడితే దారిలోనే పాచిపోద్ది."

అని, ఎవరో కసిరినట్టు టక్కున నోరు మూసుకున్నాడు. ఉషారాణి ఆయనకేసి ఒకసారి చూసి బయటికి నడిచింది.

సురేష్‌బాబు పడవ నీడన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. "తీశావా?" అని అడిగింది ఆవిడ సూటిగా.

"లేదండి. వేసుకున్నాను, ఫొటో తీసుకున్నాను, విప్పి తాత చేతికే ఇచ్చాను. తాత నాకోసం ఒక్క మాట మాట్లాడట్లేదండి. అదే నాకు..." కుర్రాడు సముద్రంవైపు తిరిగాడు.

"మేడమ్, దొంగ ఎవరంటారు?" ఉదయభాస్కర్ ఆగలేకపోయాడు.

"నువ్వు చూడనిది నేనేం చూడలేదు భాస్కర్. అందరినీ వలల పాకలోకి పిలువు."

పొద్దు వాలేవేళకి పాక నిండిపోయింది. పెదబాబు ముందు కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. ఉషారాణి నెమ్మదిగా మొదలుపెట్టింది.

"కోటు ఇంకా దొరకలేదు. పెదబాబుగారూ, మీరన్నట్టే సురేష్‌బాబుమీద కంప్లైంట్ ఇద్దాం పదండి."

బేబీ కెవ్వుమంది. అంతకంటే గట్టిగా బుల్లియ్య తాత అరిచాడు. "వద్దు! ఆ పిల్లాడు తియ్యలేదు!"

"ఆ సంగతి మీకెలా తెలుసు తాతగారూ?"

తాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నేను చెప్తాను," అంది ఉషారాణి. "దొంగ పెట్టె పగలగొట్టాడు. బాగానే ఉంది. పైనున్న చీరలు తీసి, కోటు లాగి, మళ్ళీ చీరలు అంచులు కలిపి మడతపెట్టి పేర్చి వెళ్ళాడు. అంత ఓపిక ఏ దొంగకుందండీ? అది మరిడమ్మగారి మడత కూడా కాదు. మిలిటరీ మడత. ఆ ఇంట్లో అలా మడతపెట్టేది ఒక్కరే. ఆ మర్నాటినుంచే ఆయన భార్యని బియ్యం డ్రమ్ము దగ్గరికి రానివ్వడం మానేశారు. మరిడమ్మగారూ, వెళ్ళి డ్రమ్ములో చెయ్యి పెట్టండి."

మరిడమ్మ పరుగున వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆవిడ చేతిలో కోటు, పతకాల సందుల్లోంచి రాలుతున్న బియ్యం. పాకంతా గగ్గోలు పుట్టింది.

"తన కోటు తనే దొంగిలించుకోవడమేంటండీ? మతిపోయిందా?" అన్నాడు పెదబాబు.

"కోటు లేకపోతే ప్రయాణం ఆగుతుందనుకున్నారు. కోటలో పేర్లు చెక్కిన రాయి ఉందని మీరు చెప్పిన రోజే కదా ఇది జరిగింది? ఆ రాతిమీద ఆయన పేరు ఉండదు. ఆయన మిలిటరీలో చేసిన మాట నిజం, ఆ కోటలో ఉన్న మాటా నిజం. కానీ పేల్చింది ఫిరంగి కాదు. అరవైమందికి పులిహోర ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే చెయ్యి అది. ఆయన అక్కడ వంటమనిషి."

ఉదయభాస్కర్ నుదురు కొట్టుకున్నాడు. ఆ మడతలు తనూ చూశాడు, ఆ పులిహోర లెక్క తనూ విన్నాడు. ఆవిడ బుర్రే బుర్ర!

తాత చేతులు జోడించాడు. "కొత్తలో ఎవరో అడిగితే ఫిరంగి అన్నానండి. వంట అంటే నవ్వుతారని. తర్వాత ఆ మాటమీదనుంచి ఎలా దిగాలో తెలియలేదు. పిల్లాడి మీదకి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ నోరు పెగల్లేదు. బేబీ, నన్ను చెప్పుచ్చుకు కొట్టమ్మా."

బేబీ కొట్టేదేమో కూడా, అంత కోపంగా ఉంది. కానీ ముందు మరిడమ్మ విరుచుకుపడింది.

"ఫిరంగి పేల్చకపోతే పోయావు! రెజిమెంటు రెజిమెంటుకి వండినోడివి, నాకు జ్వరమొచ్చి మూలపడ్డప్పుడు ఒక్కపూట గంజి కాచావా? నీ పరువు బయటపడుద్దని నాచేత ఇన్నేళ్ళు చాకిరీ చేయించుకున్నావా మహానుభావా!"

పాక మొత్తం ఘొల్లుమంది. పెదబాబు కాలుమీద కాలు తీసి, సురేష్‌బాబు దగ్గరికి వెళ్ళి, "తప్పయిపోయింది రా అబ్బాయ్," అని భుజంమీద చెయ్యి వేశాడు. బేబీ అక్కడే కూలబడి కళ్ళు తుడుచుకుంది. కొడుకు ఉద్యోగం నిలిచింది, ఆవిడకి ఇంకేం అక్కర్లేదు.

నవ్వనివాడు సురేష్‌బాబు ఒక్కడే. లేచి వచ్చి తాత ఎదురుగా నిలబడ్డాడు. తాత తల ఎత్తలేదు.

"నా అబద్ధం నమ్మి మిలిటరీకి వెళ్తున్నావు. ఇక మానుకుంటావా బాబూ?"

"యుద్ధం జరుగుతుంటే ఫిరంగి దగ్గరున్నోళ్ళకి అన్నం ఎవరు తీసుకెళ్ళారు తాతా?"

"నేనే. మెట్లమీదుగా పైకి, గంప నెత్తిన పెట్టుకుని. గుళ్ళు పడుతూనే ఉండేవి. ఫిరంగోళ్ళకి గోడ చాటుంది, నాకు లేదు."

"ఇది ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి?"

"వంటోడి సంగతి ఎవరు వింటార్రా?"

సురేష్‌బాబు వంగి తాత రెండు చేతులూ పట్టుకుని లేపాడు.

"రేపు కోటలో దిగగానే ముందు ఆ మెట్లు చూపించండి. ఫిరంగులు తర్వాత చూద్దాం."