విప్పడానికి కుట్టిన గౌను

పొద్దున్నే అమ్మ ఇస్త్రీ చేసిన గౌను తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. కొడుకుగా పెరిగిన ఆ పిల్ల, తాను ఆడపిల్లనని ఇంట్లో చెప్పి నెల దాటింది. ల్యాబ్ ఉద్యోగానికి ఆడపిల్లగా వెళ్లడం ఈరోజే మొదలు. గౌను తిప్పి చూస్తే గుండీల్లేవు, వీపంతా వెల్క్రో పట్టీ.

"ఇదేంటమ్మా?"

"మీ మామయ్యకీ ఇలాగేగా కుడతాను. ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది. సాయంత్రం గుమ్మంలోకి రాగానే తీసెయ్యొచ్చు."

మామయ్య బస్సు డ్రైవరు. వారాంతంలో విగ్గు పెట్టి, లిప్‌స్టిక్ పూసి హోటల్ స్టేజీ మీద 'మహారాణి' అవుతాడు. ఇదీ అలాంటిదేననుకుంది ఆ పిచ్చితల్లి.

నాన్న టీ కప్పు దించాడు. "మామయ్యని చూసి నేర్చుకో. వేషం వేస్తాడు, నవ్విస్తాడు, తీసేసి మగాడిలా ఇంటికొస్తాడు. నువ్వూ అలా ఉంటానంటే సరే. లేదంటే ఈ గడప తొక్కకు."

"నాది వేషం కాదు నాన్నా. ఇన్నాళ్లూ ఆ చొక్కాల్లో వేసిందే వేషం. ఇక నావల్ల కాదు."

"నువ్వైనా చెప్పవయ్యా వీడికి" అన్నాడు నాన్న బావమరిదితో.

రాత్రి షో అయ్యాక ఇక్కడికే వచ్చి పడుకున్న మామయ్య, అద్దం ముందు కాటుక ఇంకా నూనెతో తుడుచుకుంటున్నాడు. "చెప్పాల్సింది నీకే బావా. నేను మగాణ్ణి. ఆడవేషం నా కళ, నా సరదా. విగ్గున్నా లేకున్నా నేను మగాణ్ణే. ఇదీ అంతే, ఏ బట్టలేసినా ఆడపిల్లే. నన్ను అడ్డం పెట్టుకుని దీన్ని గెంటేస్తానంటే ఊరుకోను. నేనూ ఈ ఇంటికి రాను."

"అందరూ ఒక్కటయ్యారన్నమాట."

అమ్మ గౌను లాక్కుని వెల్క్రో పట్టీ చర్రున ఊడబీకింది. మిషను ముందు కూర్చుని జిప్పు కుట్టేసింది. కళ్లు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఈ గడప మీ ఒక్కరిదే కాదండీ. సాయంత్రం నా కూతురు ఇదే గౌనుతో వస్తుంది. చూడలేకపోతే మీరే బయటికెళ్లండి."

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆయనకి ఎదురు చెప్పింది లేదు. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. గౌను వేసుకుని, బ్యాగు తగిలించుకుని ఆ పిల్ల తలెత్తుకునే గుమ్మం దాటింది.

"ఆగు" అన్నాడు నాన్న వెనకనించి. కోపం ఇంకా గొంతులోనే ఉంది. "చీకటి పడితే ఒక్కదానివే రాకు. ఫోన్ చెయ్యి, నేనొస్తాను."

కొడుకుగా ఉన్నప్పుడు ఏ అర్ధరాత్రి వచ్చినా ఆయన ఈ మాట అనలేదు. అంతసేపూ బిగబట్టిన ఏడుపు ఆ పిల్లకి అప్పుడు తన్నుకొచ్చింది.