రెండో లైను

పొద్దున్నే ఇంటర్నెట్ పోయింది. అందుకు సంతోషించే మనిషి ఎక్కడైనా ఉన్నాడంటే అది ఈ ఇంటి ఇంజనీరే. ఆఫీసు మీటింగులో మాట్లాడుతూనే ఓరకంట అల్మారా మీదున్న చిన్న ఇంటర్నెట్ పెట్టె వైపు చూశాడు. ఆకుపచ్చ దీపం ఆరి, పక్కన నీలం దీపం వెలిగింది. తెర మీద ఒక్క మొహం కూడా బిగుసుకుపోలేదు. మీటింగు కాగానే వంటింట్లోకి వచ్చి భార్య ముందు కాలర్ ఎగరేశాడు.

“చూశావా? కేబుల్ పోయింది, దానంతటదే రెండో లైనుకి మారిపోయింది. అవతలివాళ్ళకి తెలియనే లేదు!”

“ఆ పెట్టెని చూసుకునే మురిపెంలో సగం నా మీద చూపిస్తే బాగుండు,” అంటూ ఆవిడ గిన్నెలు తోమే స్పాంజి అతని చేతిలో పెట్టింది.

ముందుగదిలోంచి అమ్మ కేకేసింది. “ఒరే, నా ట్యాబు మళ్ళీ ఆగిపోయిందిరా.”

“ఏదో నొక్కేసి ఉంటావమ్మా. కాసేపు వదిలెయ్, అదే వస్తుంది.”

“అంతేలే. నొక్కేసే ఉంటాను,” అంది అమ్మ. కొంగుతో తెర తుడిచి పక్కన పెట్టింది. ఈమధ్య ఆవిడకి ఆ ట్యాబుతో పెద్దగా పని కూడా లేదు. దాంట్లో కనబడే మనిషే కనబడటం మానేసింది.

ఆ మనిషి అమ్మ చెల్లెలు. పుట్టుకతోనే పిన్నికి వినబడదు. మామూలు ఫోను ఆవిడకి దండగ. రాయడం, చదవడం చిన్నప్పుడు ఎవరూ శ్రద్ధగా నేర్పలేదు. అందుకని అక్కాచెల్లెళ్ళిద్దరూ సాయంత్రాలు ట్యాబు ముందు కూర్చుని చేతులతో మాట్లాడుకునేవారు. కబుర్లూ పోట్లాటలూ అన్నీ వేళ్ళతోనే. ఇంజనీరుకీ ఆ భాష వచ్చు. అక్షరాలకంటే ముందు పిన్ని ఒళ్ళోనే నేర్చుకున్నాడు. వాడి చెవులు పెద్దవని పిన్ని వాడికో పేరు కూడా పెట్టింది. తన చెవి తమ్మె పట్టి లాగిందంటే వాణ్ణి పిలిచినట్టు.

పోయినేడు బాబాయి పోయాక పిన్ని ఒంటరిదైంది. కొన్ని వారాలుగా అమ్మ ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు. “అలిగింది. దేనికో తెలిస్తేగా, బతిమాలుకోవడానికి!” అని అమ్మ కళ్ళొత్తుకుంటూ ఉంటుంది.

ఆ మధ్యాహ్నం గుమ్మం ముందు వ్యాను ఆగింది. దిగింది పిన్నే. చెప్పులు కూడా విప్పకుండా, ఎప్పుడో అక్క దగ్గర వదిలేసిన, వరండాలో గుడ్డ కప్పి ఉన్న తన పాత కుట్టుమిషను చూపించి, తీసుకెళ్ళిపోతానని సైగ చేసింది.

అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చేతులతో అంటూ నోటితోనూ అనడం ఆవిడకి అలవాటు. “నేనేం చేశానే? ఫోనెత్తవు, పలకరించవు. ఇప్పుడొచ్చి మిషను పట్టుకుపోతానంటావా?”

పిన్ని చేతులు విసురుగా కదిలాయి. కోడలికి ఆ భాష రాదు. “ఏమంటున్నారండీ?” అని మొగుణ్ణి అడిగింది. అతను పైకి చెప్పసాగాడు.

“అడిగాను కదా, నువ్వు జవాబు చెప్పావు కదా, ఇంకేం కావాలి అంటోంది.”

“ఏమడిగావే నన్ను?” అంది అమ్మ.

“ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు... ఒంటరిగా ఉండలేకపోతున్నాను... నీ దగ్గరికి వచ్చెయ్యనా అక్కా అని అడిగిందట.” అతని గొంతు తగ్గింది. “నా చేతులింకా కిందికి దిగనే లేదు, నువ్వు బొమ్మ ఆర్పేశావు అంటోంది. ఆ పెద్దవాన పడిన సాయంత్రం.”

అమ్మ నిర్ఘాంతపోయింది. “అయ్యో, నేను ఆర్పలేదే! నువ్వేదో అనబోయావు, ఇంతలో నల్లబడిపోయింది.” తన చేతులకేసి తనే చూసుకుంది. “ఈ వేళ్ళు మొద్దుబారిపోయాయి. నేనే ఏదో నొక్కేసి ఉంటాను. వీడు చెబుతూనే ఉంటాడు.”

ఇంజనీరుకి తల కొట్టేసినట్టయింది. ఆ వాన అతనికి బాగా గుర్తుంది. ఆ సాయంత్రం కేబుల్ తెగినా అతని మీటింగు ఆగలేదు. పైఅధికారి అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ సంబరంలో ఇంట్లో అందరికీ ఐస్‌క్రీం తెచ్చాడు. అమ్మకి కూడా. రెండో లైను సన్నది, అందరికీ చాలదు. అందుకని అది వచ్చినప్పుడల్లా ఏది నడవాలో, ఏది ఆగాలో అతనే ముందుగా నిర్ణయించి పెట్టాడు. పెట్టి మరిచిపోయాడు.

నెట్ పోయిందని ఒక్కమాట అంటే సరిపోయేది. అబద్ధమూ కాదు, ఎవరూ తప్పు పట్టరు. నోటితో అయితే నేల చూస్తూ ఏదో ఒకటి చెప్పేయొచ్చు. పిన్నికి చెప్పాలంటే ఆవిడ మొహంలోకి చూడాలి. అతను చేతులెత్తాడు.

“అమ్మ ఆర్పలేదు పిన్నీ, నేనే. లైను పోయినప్పుడు నా పని ఆగకూడదని, అమ్మది ఆగిపోయేలా పెట్టాను,” అని చేతులతో అంటూ, అమ్మ కోసం పైకీ అన్నాడు.

“మరి ఆగిందని చెప్పినప్పుడల్లా నేనే నొక్కానన్నావు కదరా?” అంది అమ్మ.

“చూడలేదమ్మా. చూడకుండానే అనేశాను.”

“నాది ఏ లెక్కలో వేశావు?”

“ఆగినా ఫరవాలేదనుకున్నవాటిలో... టీవీ లెక్కలో.”

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. కోడలు మొహం తిప్పుకుంది. సిగ్గుతో చచ్చిపోయినంత పనై, అతను గబగబా అల్మారా వైపు నడిచాడు.

“ఇప్పుడే మార్చేస్తానమ్మా, ఒక్క నిమిషం...”

“ఇప్పుడెందుకురా? మనిషే వచ్చిందిగా,” అంది అమ్మ.

పిన్ని అక్క ముందుకొచ్చింది. ఆ సాయంత్రం సగంలో తెగిపోయిన మాటని మళ్ళీ మొదట్నించి, నెమ్మదిగా, చేతులతో అడిగింది. అమ్మ జవాబు చేతులతో చెప్పలేదు. వరండా చివరిదాకా వెళ్ళి, “నువ్వెళ్ళు బాబూ, మిషను ఎక్కడికీ రాదు,” అని వ్యానతన్ని పంపేసింది. తిరిగొచ్చి చెల్లెల్ని గట్టిగా పట్టుకుని ఏడ్చింది.

ఇంజనీరు ఓ మూల నిలబడిపోయాడు. దగ్గరికెళ్ళడానికి మొహం చెల్లలేదు. పిన్ని అక్క భుజం మీదుగా అతన్ని చూసింది. కళ్ళు తుడుచుకుని, తన చెవి తమ్మె పట్టి లాగింది. ఆ పేరుతో అతన్ని పిలిచి ఎన్నాళ్ళయిందో! అతనికి ఏడుపు ఆగలేదు. పిన్ని కుట్టుమిషను చూపించి, నువ్వో పక్క పట్టుకో అంది.

చెరో పక్కా పట్టుకుని, అమ్మ గదిలోకి దాన్ని మోసుకెళ్ళారు. ఇద్దరి చేతులూ ఖాళీ లేవు కనక, దారిలో ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు.