చనిపోయినాయన గదిలో ఫ్రిజ్

"మా నాన్నను నేనే చంపానంటున్నారు," అంది ఆ అమ్మాయి. డిటెక్టివ్ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

ఆమె తండ్రి పాత ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. వాటిలో ఒకటి, తాతల కాలం నాటిది, ఆయన అడిగితే ఈమే దగ్గరుండి పడకగదిలో పెట్టించింది. దాని మోత వినపడితే గాని ఆయనకు నిద్ర పట్టదు. నిన్న పొద్దున మంచం మీద శవమై ఉన్నాడు. అందులోంచి గ్యాస్ కారి చనిపోయాడని తేల్చినవాడు ఆమె అన్న.

"గది మూసేశాం. లోపల అది ఇంకా నడుస్తూనే ఉందండీ. ఎవరో మూలుగుతున్నట్టు."

డిటెక్టివ్ ముందు ఆస్పత్రికి వెళ్లాడు. శవం చేతిగోళ్లను చాలాసేపు చూశాడు.

ఆ ఇంట్లో పడకగది తలుపు తీయగానే మూలుగు పెద్దదైంది. చీకట్లో తెల్లగా, మనిషంత ఎత్తున నిలబడి ఉంది ఫ్రిజ్.

"మీరు నడవండి సార్. నేను వెనక నుంచి ధైర్యం చెబుతాను," అన్నాడు అసిస్టెంట్.

డిటెక్టివ్ ఫ్రిజ్ తెరిచాడు. చల్లటి ఊపిరి ముఖానికి కొట్టింది. పై అరలో మంచు మందంగా పేరుకుని ఉంది. వెనక ఇనుపరేకు మీద గ్యాస్ పేరు చదివాడు: సల్ఫర్ డయాక్సైడ్.

అన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఒంటిమీద బూడిదరంగు ఉన్ని స్వెట్టర్.

"నిన్న పొద్దున మీరు ఈ తలుపు తీసినప్పుడు వాసన వచ్చిందా?" అడిగాడు డిటెక్టివ్.

"వచ్చిందండీ. తియ్యగా, పండు మాగినట్టు."

"కళ్లు మండలేదా?"

"అబ్బే, లేదు."

"ముందురోజు నాన్నగారితో ఏమైనా మాటపట్టింపు?"

"అన్నయ్యను ఇల్లు వదిలి పొమ్మన్నాడు," అంది చెల్లెలు.

డిటెక్టివ్ అన్నాచెల్లెళ్లనూ అసిస్టెంట్‌నూ హాల్లో కూర్చోబెట్టాడు.

"ఆ రోజుల్లో ఇళ్లలో ఫ్రిజ్‌లు నడిచింది విషవాయువులతోనే. ఒక రకానికి తియ్యటి వాసన, అదీ లీలగా. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మీరు ఎక్కడో విన్నది దాని గురించి. ఇందులో ఉన్నది వేరే రకం. అది కారితే గంధకం కాల్చినట్టు కళ్లూ గొంతూ మండి, ఎంత మొద్దునిద్రలో ఉన్నవాడైనా లేచి పరిగెత్తుతాడు. అయినా గ్యాస్ పోయిన ఫ్రిజ్‌లో మంచెలా పడుతుంది?"

అసిస్టెంట్ తల కొట్టుకున్నాడు. ఇందాక ఆ మంచు మీద తనూ చెయ్యి పెట్టి చూశాడు, అయినా తట్టలేదు.

"మరి నాన్న ఎలా పోయాడు?" అని అడిగాడు అన్న.

"దిండు అదిమితే. ఆయన పెనుగులాడాడు. గోళ్లలో బూడిదరంగు ఉన్ని ఉంది."

అన్న చెల్లెలి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "ఎక్కడికి పోనే నేను? నువ్వైనా చెప్పు చెల్లీ, కావాలని చేశానా..." వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నాన్నను నేను చంపానని అందరికీ చెప్పేటప్పుడు కూడా ఇలాగే ఏడ్చావన్నయ్యా."