లెన్స్ పక్కన చూపు

ఆమె మూడు రోజులు కూర్చుని అట్టముక్కలతో చేసిన రైలును అతను ఒక్క అడుగులో తొక్కేశాడు. వాళ్ళ పరిచయం అలా మొదలైంది.

షూటింగులకు కావలసిన బొమ్మలూ వస్తువులూ చెయ్యడం ఆమె పని. వేళ్ళకు ఎప్పుడూ జిగురు అంటుకునే ఉంటుంది కాబట్టి స్టూడియోలో ఆమె పేరు జిగురమ్మాయి. అతను ఫోటోగ్రాఫర్. పిల్లల పుస్తకం కోసం పన్నెండు జాతీయాలను ఫోటోలుగా తీస్తున్నారు. గుండెల్లో రైళ్ళు పరిగెత్తడం అంటే చొక్కా మీద అడ్డంగా పట్టాలు, వాటి మీద రైలు. ఆ రైలే ఇప్పుడు నేలకు అతుక్కుపోయి ఉంది.

"కింద చూసి నడిచే అలవాటు లేదా మీకు?" అంది.

"రైలు కదా, వస్తుంటే కూత వేస్తుందనుకున్నానండీ."

ఆమెకు ఒళ్ళు మండింది. పైగా నవ్వొచ్చింది, దాంతో ఇంకా మండింది. అతను మాత్రం సాయంత్రం దాకా పక్కనే కూర్చుని చక్రాలు అతికించాడు. ఒక్కటీ తిన్నగా రాలేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఆమెకు నేల మీద కాళ్ళు నిలవలేదు. కళ్ళు కాయలు కాయాలని కళ్ళజోడుకు తీగ అల్లి మట్టికాయలు వేలాడదీసింది. గాలిలో మేడను దారాలతో కట్టింది. మోడల్ వచ్చేలోపు లైట్లు సరిచూసుకోవడానికి అతను ఆమెనే కుర్చీలో కూర్చోబెట్టి ఒకటి రెండు ఫోటోలు తీసేవాడు. కెమెరా స్టాండు మీద ఉండేది, అతను రిమోట్ పట్టుకుని దాని పక్కన నిలబడేవాడు. ఆ ఫోటోల్లో అతను చూసుకునేది ముక్కు నీడ ఎటు పడిందనే. ఆ ధైర్యంతోనే ఆమె అతన్ని కళ్ళారా చూసుకునేది.

ప్రేమేనని ఆమెకు తెలుసు. అతనికి మాత్రం తెలియకూడదు. తెలిసి కాదన్నాడంటే రోజూ చూసుకునే ఈ భాగ్యం కూడా పోతుంది.

ఆఖరి రోజు అతని అక్క కంప్యూటర్ ముందు నుంచి కేకేసింది. స్టూడియో ఆవిడదే, ఫోటోలు సరిదిద్దేదీ ఆవిడే. పొరపాటున మోడల్ ఫోటోలకు బదులు లైట్ టెస్ట్ ఫోటోలు పబ్లిషరుకు పంపేసిందట. ఆయన ఎగిరి గంతేసి, పుస్తకం అట్ట మీద ఈ అమ్మాయే ఉండాలని పట్టుబట్టాడట. ఈ పిల్ల ముఖంలో ఉన్న కళ ఎక్కడా చూడలేదన్నాడట.

ఆవిడ ఫోటోలన్నీ పెద్ద తెర మీద పరిచేసరికి జిగురమ్మాయి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఒరేయ్, ఇన్నిట్లో ఒక్కదాంట్లో కూడా ఈ పిల్ల లెన్స్ వైపు చూడలేదు," అంది అక్క. "చూపంతా పక్కనున్న నీ మీదే. వెలుతురు చూసుకున్నావు గానీ కళ్ళు చూడలేదురా నువ్వు."

అతను తెర దగ్గరికెళ్ళి ఒక్కో ఫోటోలో ఆమె కళ్ళు చూడసాగాడు. గుట్టు రట్టయ్యాక ఇంకేం మిగిలిందని ఆమె సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"ఆగండి, ఇంకో లైట్ టెస్ట్ ఉంది."

అతను ఆమె చేతిలో రిమోట్ పెట్టి, ఆమెను కెమెరా పక్కన నిలబెట్టి, తను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఆమె నొక్కింది. తెర మీద అతని ముఖం పడింది. కళ్ళు తిన్నగా లేవు, కాస్త పక్కకు ఉన్నాయి.

"లెన్స్ వైపు కదా చూడాలి," అంది ఆమె.

"అక్కడ నువ్వు లేవుగా."

అతని నోట నువ్వు అన్న మాట వినడం అదే మొదలు. ఆమెకు పట్టలేని సంతోషం వచ్చింది, దాంతోపాటు తెగింపూ వచ్చింది.

"నువ్వంటే నాకు ప్రాణం," అంది. "ఇన్నాళ్ళూ చెప్పలేదు, నాదే తప్పు."

"చూడకపోవడం నా తప్పు."

ఇక లాభం లేదని అక్కే ఫోన్ తీసింది.

"మీ అమ్మగారి నంబరు చెప్పు, మరదలా."

ఆమె రెండుసార్లు తప్పు చెప్పి, మూడోసారి సరిగ్గా చెప్పింది.